మూడోవాడి చెయ్యి

గ్రోనింగెన్,
నవంబరు 4

వీబ్రెన్ అన్నయ్యకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు, ఆవులతో సహా. ఫోన్‌లో నిన్ను ఏమడిగినా "బాగానే ఉంది" అంటావు. ఆ ఒక్క మాటతో నాలుగేళ్లు నెట్టుకొచ్చావు. అదే మాట కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించాలంటే మాత్రం నీకే సిగ్గేస్తుంది. అందుకని ఈ ఏర్పాటు. ఇన్‌జెల్ శిబిరంలో ఉన్నా, హేరెన్‌వేన్‌లో ఉన్నా నువ్వు నాకు రాయాలి. నేనూ రాస్తాను.

మంచు మీద స్కేటింగ్‌లో ముగ్గురి జట్టు పందేనికి పిలిచిన నలుగురి పేర్లు నిన్న పేపర్లో పడ్డాయి. రూర్ద్, ట్యూన్, నువ్వు, మెల్లె. ఆ ముక్క కత్తిరించి నా గది గోడకి అంటించాను. ఫిబ్రవరిలో ప్రపంచ పోటీలు మన హేరెన్‌వేన్‌లోనే అంటే, మన ఇంటి నుంచి అరగంట. నలుగురిలో ఒకడు బల్ల మీద కూర్చోవాల్సి ఉంటుంది, ఆ ఒక్కడూ నువ్వు కాకూడదు.

నా గదిలో ఉండే అమ్మాయి నగరం పిల్ల. నువ్వు వరసలో ఆఖరివాడివని చెబితే, "ఆఖరివాడా? పాపం" అంది. దానికి అరగంట పాఠం చెప్పాను. మొదటివాడు ఎంత ముందు గీత దాటినా గడియారం ఆగదు, మూడోవాడి బ్లేడు మొన గీతను తాకినప్పుడే ఆగుతుంది, జట్టు కాలం అంటే మూడోవాడి కాలమే అని. అంతా విని అది, "అయితే మీ అన్నయ్య నిదానమైతే ముగ్గురూ నిదానమే అన్నమాట" అంది. దానితో నిన్నటి నుంచి మాట్లాడటం లేదు.

నాన్న ఆదివారం ఫోన్ చేసి, "నీ చదువు ఎంతవరకొచ్చిందమ్మా?" అని అడిగాడు. గడ్డి కోత ఎంతవరకొచ్చిందని అడిగినట్టే ఉంది. మన ఇంట్లో విశ్వవిద్యాలయం గుమ్మం ఎక్కినదాన్ని నేనొక్కదాన్నే కదా, ఎలా అడగాలో ఆయనకి తెలియదు. అమ్మ మాత్రం పశువుల డాక్టరు వచ్చినప్పుడల్లా ఆయనకి నా చదువు గురించి గొప్పగా చెబుతోందట.

ఈ ఏడాది మా శరీర చలనాల శాఖలో ఒక పని ఇచ్చారు. ఏదో ఒక ఆట వీడియో తీసుకుని, కీళ్లు ఎంతెంత వంగుతున్నాయో కొలిచి నివేదిక రాయాలి. నేను మీ పందెం తీసుకున్నాను. నీ వీడియోలు నా దగ్గర పడ్డాయి, జాగ్రత్త.

నీ చెల్లెలు,
హిస్కె

ఇన్‌జెల్,
నవంబరు 21

చెల్లీ,

బాగానే ఉంది.

ఇంతవరకే రాసి నిజంగానే కవరు అంటించబోయాను. ట్యూన్ చూసి, "ప్రేమలేఖ అంత పొట్టిగా ఉంటే పిల్ల పారిపోతుంది రా" అన్నాడు. చెల్లెలికని చెబితే, "చెల్లెలికైతే ఇంకా పెద్దది రాయాలి, జవాబులో తిట్లుంటాయి" అన్నాడు. అతనికి ముగ్గురు అక్కలు.

ఇక్కడ కొండల మీద మంచు పడుతోంది. రోజుకి రెండుసార్లు మంచు మీదికి దిగుతాం, మధ్యలో సైకిలు. తిండి ఎక్కువ, నిద్ర ఎక్కువ. మా శిక్షకుడు హార్మెన్ నీకు గుర్తుండే ఉంటాడు, ఒకసారి మన ఆవుల పాక దగ్గరికి వచ్చి నాన్నతో గంటసేపు ఎరువు గురించి మాట్లాడిన పొడుగాయన.

పందెం తీరు మారిపోయింది. మన చిన్నప్పుడు టీవీలో చూసేవాళ్లం కదా, ఒక్కొక్కడూ కాసేపు ముందుండి, అలసిపోగానే పక్కకు తప్పుకుని వెనక చేరేవాడు. ఇప్పుడు అది లేదు. అలా మారిన ప్రతిసారీ కాలం పోతుందని లెక్క తేల్చారు. ఎనిమిది చుట్లూ రూర్దే ముందు. గాలంతా అతని ముఖానికే. వెనక మేమిద్దరం గాలి తగలకుండా హాయిగా ఉంటాం కాబట్టి, ఆ మిగిలిన బలంతో తోస్తూ ఉండాలి. నా చెయ్యి ట్యూన్ నడుం మీద, ట్యూన్ చెయ్యి రూర్ద్ నడుం మీద. అందరికంటే ఎక్కువ తొయ్యాల్సింది మూడోవాడే.

అక్కడే నాకు పేచీ. తోస్తూనే ఉన్నాననుకుంటాను. ట్యూన్ మాత్రం, "నా నడుం మీద చెయ్యేసి ఆవుని నిమిరినట్టు నిమురుతావేంట్రా, నేను పాలివ్వను" అంటాడు. నిన్న భోజనాల దగ్గర నేను వస్తుంటే అంబా అని అరిచాడు. రూర్ద్ కూడా నవ్వాడు, ఏడాదికి రెండుసార్లు నవ్వే మనిషి. హార్మెన్ నవ్వలేదు.

కుదురుకుంటుందిలే. ఎర్ర పెయ్య ఈనిందేమో నాన్నని అడిగి రాయి.

వీబ్రెన్

ఆల్దెమార్, ఇంటి నుంచి,
డిసెంబరు 6

అన్నయ్యా,

ఎర్ర పెయ్య ఈనింది. ఆడదూడ. నాన్న దానికి ఇంకా పేరు పెట్టలేదు, నువ్వు పెట్టాలట.

పిల్లలకి కానుకలిచ్చే నికొలాస్ పండక్కి వచ్చాను. మనిద్దరి పేర్లలోని మొదటి అక్షరాల ఆకారంలో చేసిన చాక్లెట్లు అమ్మ ఈసారి కూడా కొంది. నీ అక్షరం అరలో దాచింది, నాది నేను నిన్ననే తినేశాను, నీది కూడా ఒక మూల కొంచెం విరిగింది. ఎలుక అయ్యుంటుంది.

పొద్దున పాకలోకి వెళ్లి పైకి చూశాను. మన పొడుగు గెడ ఇంకా దూలాల మీదే ఉంది. పిచ్చుకలు దాన్ని తెల్లగా చేసేశాయి. అది నాన్న చేతిలో ఉన్న రోజులు నీకు గుర్తొస్తాయా? కాలువ గడ్డకట్టి గట్టిపడగానే నలుగురం స్కేట్లు కట్టుకుని, దాన్ని చంకలో ఇరికించుకుని ఒక వరసలో పోయేవాళ్లం, ముందు నాన్న, తర్వాత అమ్మ, నేను, చివర నువ్వు. ఎవరి కాలు తప్పినా గెడ చెప్పేసేది. "హిస్కె అలిసిపోయింది" అని నాన్న వెనక్కి తిరక్కుండానే అనేవాడు. తొమ్మిదేళ్లయింది అది కిందికి దిగి.

సరే, అసలు సంగతి. నీ వీడియోలు కొలిచాను. మూడు పందేలు, అరవై రెండు తోపులు. తోసేటప్పుడు మోచేయి వంపు నుంచి నిటారుకి రావాలి. మెల్లె ఆడిన పందెంలో అలాగే వస్తోంది, నార్వే వాళ్ల మూడోవాడికీ అంతే. నీకు మాత్రం ఉల్టా. నీ అరచెయ్యి ట్యూన్ నడుం మీద ఆనే క్షణంలో మోచేయి ఇంకా ముడుచుకుపోతోంది. మొదట నేనే తప్పు కొలిచాననుకుని మళ్లీ మొదటి నుంచి కొలిచాను. అదే లెక్క వచ్చింది.

అది బలం లేకపోవడం కాదు. నీ తొడలు చూస్తే మా గురువుగారు "ఈయన ఎవరు?" అని అడిగారు. వేడి పెనం మీద వేలు పడితే చెయ్యి ఎలా వెనక్కొస్తుందో అలా ఉంది నీ చెయ్యి. నడుముని తాకుతోంది, వెంటనే భయపడుతోంది.

ఏమిటన్నయ్యా అది? హార్మెన్‌కి చెప్పకపోయినా నాకు చెప్పు.

హిస్కె

హేరెన్‌వేన్,
డిసెంబరు 19

హిస్కె,

నిన్ను చదువుకోమని పంపింది నా మోచేతులు లెక్కపెట్టడానికి కాదు.

పై వాక్యం రాసి రెండు రోజులైంది. కొట్టేద్దామనుకున్నాను కానీ ఉంచుతున్నాను, కోపం వచ్చిన మాట నిజమే కాబట్టి. నువ్వు కొలిచింది కూడా నిజమే.

హార్మెన్ నిన్న నన్ను పక్కకి పిలిచాడు. "చూడు నాయనా, రూర్ద్ ఆరు చుట్లు లాగగలడు. చివరి రెండూ నువ్వు మొయ్యాలి. జనవరి పన్నెండున మళ్లీ చూస్తాను. అప్పుడూ ఇలాగే నిమిరితే మూడోవాడు మెల్లె." ఇంతే అన్నాడు, కసురుకోలేదు. కసురుకుని ఉంటే బాగుండేది.

నువ్వడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇంకెవరికీ చెప్పలేదు.

నేను తొయ్యబోయే ప్రతిసారీ నాకు ఆ పొట్టి వంతెన కనిపిస్తుంది. నీ ఎర్ర కోటు కనిపిస్తుంది. అమ్మా నాన్నా పాలు పితకడానికి ముందే వెళ్లిపోయారు, మనిద్దరమే వెనక. ఎదురుగాలి, నువ్వు అలిసిపోయావు, నీ వీపు మీద చెయ్యేసి తోసుకుంటూ వస్తున్నాను. వంతెన దగ్గర మంచు దిగి, గట్టు మీద పరిచిన చాపల మీద నడిచి, అవతల మళ్లీ మంచు ఎక్కాలని మనకి మాటలు రాకముందే నేర్పారు. వంతెన కింద మంచు ఎప్పుడూ పలచనే. నేను ఆగాల్సింది. ఆ ఉన్ని నా వేళ్లకి తగలడం ఇప్పటికీ తెలుస్తూ ఉంటుంది. ఆ వెంటనే మంచు విరిగిన చప్పుడు. నువ్వు నడుం దాకా నీళ్లలో. వంతెన గుంజకి కొట్టుకుని నీ మోకాలు చితికిపోయింది. నాన్న గెడ పట్టుకుని పరుగెత్తుకొచ్చి దానితోనే నిన్ను లాగాడు. నువ్వు పదకొండేళ్లదానివి, నేను పదమూడేళ్లవాణ్ణి. నేనే తోశాను.

చలికాలం నీ మోకాలు పట్టేస్తుందని అమ్మ చెప్పింది. నువ్వు ఎప్పుడూ చెప్పవు. ఈ తొమ్మిదేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే కొంచెం తేలికయ్యేదేమో.

వీబ్రెన్

గ్రోనింగెన్,
డిసెంబరు 23

అన్నయ్యా,

చిన్నప్పటి సంగతులు ఇప్పుడెందుకు? నా మోకాలు బాగానే ఉంది. సైకిలు తొక్కుతున్నాను, మూడంతస్తులు ఎక్కుతున్నాను.

మా గురువుగారిని అడిగితే ఒక వ్యాయామం చెప్పారు. గోడకి అరచెయ్యి ఆనించి, మోచేయి వంచి, ఊపిరి వదులుతూ నిటారుగా చెయ్యాలి. రోజుకి ముప్పయి సార్లు. తర్వాత గోడకి బదులు బరువు కట్టిన బండి. ఇలా మూడు వారాలు చేస్తే చేతికి అలవాటవుతుందట. బొమ్మ గీసి జతచేశాను.

పండక్కి ఇంటికి రాలేవని అమ్మ చెప్పింది. ఆరోగ్యం జాగ్రత్త.

హిస్కె

ఆల్దెమార్,
జనవరి 2

అన్నయ్యా,

పోయిన ఉత్తరం చించెయ్యి. బొమ్మ కావాలంటే ఉంచుకో.

మొన్న పాత ఏడాది ఆఖరి రోజు అమ్మ ఎప్పట్లాగే ఎండుద్రాక్ష పిండి ఉండలు బకెట్టెడు వేయించింది. నేను ఒక్కటి కూడా మింగలేకపోయాను. కడుపులో నొప్పా అని అమ్మ అడిగితే అవునన్నాను. అబద్ధాలు నాకు ఎంత తేలిగ్గా వస్తాయో చూడు.

నువ్వు నన్ను తొయ్యలేదు.

నెమ్మదిగా చెబుతాను, కంగారుగా చెబితే మళ్లీ ఏదో ఒకటి దాచేస్తాను. వంతెన కనిపించగానే నువ్వు నా వీపు మీది నుంచి చెయ్యి తీసేశావు. "దిగి నడుద్దాం" అన్నావు. నాకు ఎదురుగాలికి విసుగొచ్చింది, గట్టెక్కి చాపల మీద నడవాలంటే బద్ధకం. పైగా నువ్వు దిగి నడిచేలోపు నేను వంతెన కింద నుంచి దూరిపోతే నీకంటే ముందు ఇల్లు చేరతాను. అందుకని ఉరికాను. నువ్వు "హిస్కె, ఆగు" అని అరిచి చెయ్యి చాచావు. నీ వేళ్లు నా కోటుకి తగిలాయి. నీకు గుర్తున్నది అదే. అది నన్ను పట్టుకోబోయిన చెయ్యి అన్నయ్యా, తోసినది కాదు. ఒక్క అంగుళం ఇటు పడి ఉంటే నన్ను ఆపేదే.

నాన్న నన్ను లాగి, దుప్పటి చుట్టి, "ఏమైంది?" అని అడిగాడు. వంతెన కింద దూరితే ఆ ఏడాదంతా స్కేట్లు దాచేస్తానని ఆయన అన్న మాట నా తలలో తిరుగుతోంది. "అన్నయ్య తోశాడు" అన్నాను. నువ్వు నా వైపు చూశావు. ఒక్క క్షణం. తర్వాత తల దించుకుని "అవును" అన్నావు. నన్ను కాపాడటానికి అంటున్నావనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నీకు నిజం తెలుసు, నా కోసం దాచావు, మనిద్దరికీ అది ఒక ఒప్పందం లాంటిది అనుకున్నాను. నువ్వు నా మాట నమ్మేశావని, నిజంగానే తోశాననుకుని బతుకుతున్నావని నీ డిసెంబరు ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు.

చదివాక కూడా నీకు గోడ వ్యాయామం రాసి పంపాను. అందుకు ఇంకా ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

క్షమించమని అడగడం లేదు. పన్నెండో తారీకులోపు ఇది నీకు అందాలని మాత్రం పొద్దున్నే వెళ్లి పోస్టు చేస్తున్నాను.

హిస్కె

హేరెన్‌వేన్,
జనవరి 14

హిస్కె,

ఉత్తరం అందింది.

వీబ్రెన్

గ్రోనింగెన్,
జనవరి 21

అన్నయ్యా,

నీ కార్డులో "చెల్లీ" అని లేదు. చూశాను. పన్నెండున హార్మెన్ పెట్టిన పరీక్షలో ఏమైందో రాయలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు, అడగడానికి నాకు హక్కు లేదు.

నువ్వు జవాబు రాయకపోయినా నేను చెప్పాల్సింది ఒకటి ఉంది. శనివారం ఇంటికి వెళ్లి నాన్నకి చెప్పేశాను. సాయంత్రం పాలు పితుకుతున్నాడు. మెషిన్ చప్పుడులో సగమే వినపడిందేమోనని రెండోసారి కూడా చెప్పాను.  మిగిలిన పదకొండు ఆవులూ పితికాడు, పొదుగులు తుడిచాడు, నేల కడిగాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను, కాళ్లు గడ్డకట్టాయి. అంతా అయ్యాక బూట్లు విప్పుతూ అన్నాడు, "ఆ రోజు నేను నిన్ను అడిగాను. వాణ్ణి అడగలేదు."

అంతే. తర్వాత బఠాణీ సూప్ తాగి పడుకున్నాడు. చిక్కదనానికి సూప్‌లో చెంచా నిలబడుతుందని అమ్మ ఎప్పుడూ గొప్పలు పోతుంది కదా, ఆ రోజు ఆ మాట కూడా అనలేదు.

పొద్దున నేను బస్సెక్కే ముందు నాన్న పాల లారీ చీటీ ఒకటి నా చేతిలో పెట్టాడు. వెనక పెన్సిలుతో రాసి ఉంది. నీకే. జతచేస్తున్నాను. ఆయన ఉత్తరం రాయగా నేను చూడటం ఇదే మొదటిసారి. అందులో ఏముందో చదవకుండా ఉండాల్సింది కానీ చదివాను. "దూడకి పేరు పెట్టలేదు ఇంకా. నాన్న."

నీకు కోపం ఉంటే ఉంచుకో. దూడకి మాత్రం పేరు పెట్టు.

హిస్కె

హేరెన్‌వేన్,
ఫిబ్రవరి 3

చెల్లీ,

దూడ పేరు ట్యూన్. ఆడదని తెలుసు. అదే పేరు.

ఎందుకో చెబుతాను. నీ ఉత్తరం ఏడో తారీకున అందింది. మొదటిసారి చదివి నువ్వు నన్ను ఓదార్చడానికి కల్పించావనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు "దిగి నడుద్దాం" అన్న మాట నా గొంతుతోనే వినపడింది. నిజమే, నేనన్నాను. ఆ తర్వాత నాకు వచ్చిన కోపం ఎంతంటే, తినలేదు, మాట్లాడలేదు. తొమ్మిదేళ్లు, హిస్కె. నాన్న గెడని దూలాల మీదికి ఎత్తుతుంటే కింద నుంచి అందించింది నేను.

ఆ కోపంతోనే పన్నెండున పరీక్షకి దిగాను. ఆరో చుట్టు మలుపు దాటాక హార్మెన్ "ఇప్పుడు" అని అరిచాడు. తోశాను. నా ఒంట్లో ఉన్నదంతా పెట్టి తోశాను. ట్యూన్ ఎగిరి, రూర్ద్ పక్క నుంచి బోర్లా జారుకుంటూ పోయి, అంచున ఉన్న పరుపుల్లోకి తలదూర్చాడు.

నేను మంచు మీదే కూలబడిపోయాను. తొమ్మిదేళ్లుగా ఏది జరుగుతుందని భయపడ్డానో సరిగ్గా అదే జరిగింది. నా చెయ్యి తోసింది, మనిషి పడిపోయాడు.

ట్యూన్ పరుపుల్లోంచి తల బయటికి తీశాడు. టోపీ సర్దుకున్నాడు. నా దగ్గరికి వచ్చి, "ఇన్నాళ్లూ నిమిరావు, ఇప్పుడు కొమ్ము విసిరావు. రెండిటికీ మధ్యలో ఏదీ రాదా నీకు?" అన్నాడు. చెయ్యందించి నన్ను లేపాడు. నేను లేపాల్సింది పోయి, అతను లేపాడు. వెళ్లి మళ్లీ వరసలో తన చోట నిలబడి, నడుం నా వైపు పెట్టి, "రా, ఇంకోసారి" అన్నాడు.

హార్మెన్ నన్ను తీసేస్తాడనుకున్నాను. ఆయన ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. "చెయ్యి ఉందని తెలిసింది. కోపం ఇంట్లో పెట్టి రా. రెండు వారాలిస్తాను." రెండు వారాలు మేం ముగ్గురం అదే పని చేశాం. ట్యూన్‌కి పక్కటెముకల మీద నా అయిదు వేళ్ల అచ్చు ఉంది, అందరికీ చొక్కా ఎత్తి చూపిస్తాడు.

నిన్న పేర్లు ప్రకటించారు. ముందు రూర్ద్, మధ్యలో ట్యూన్, మూడోవాణ్ణి నేను. మెల్లె వచ్చి కరచాలనం చేశాడు. మంచివాడు.

నాన్న గురువారం వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా, పాకలో వేసుకునే కోటుతోనే.  నా కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి వెలుతురులోకి తిప్పి, ఆవు గిట్ట చూసినట్టు చాలాసేపు చూశాడు. బొటనవేలితో ఒకసారి రుద్దాడు. వెళ్లిపోయాడు.

నీ మీద కోపం పోలేదు. కానీ రోజూ కొంచెం తగ్గుతోంది, నువ్వు కొలుచుకోవచ్చు. పందేనికి రా. మోకాలికి వెచ్చటి పట్టీ కట్టుకో.

వీబ్రెన్

హేరెన్‌వేన్,
ఫిబ్రవరి 17

చెల్లీ,

నిన్న నేను గుంపులోంచి బయటపడేసరికి మీరు వెళ్లిపోయారు. సాయంత్రం పాలకి ఆలస్యమైందని నాన్న లాక్కెళ్లాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ప్రపంచ పోటీ అయినా ఆవులు ఆగవు. అందుకని రాస్తున్నాను. నువ్వు పై నుంచి చూశావు, లోపల ఎలా ఉందో నేను చెప్పాలి.

జట్లు రెండేసి చొప్పున దిగుతాయి, ఆఖరి జోడీ మాది. అవతలి గీత దగ్గర నార్వే వాళ్లు. అప్పటికి ఇటలీ వాళ్ల కాలం బోర్డు మీద అన్నిటికంటే పైన ఉంది. పత్రికలవాళ్లు మాకు పతకం రాదని రాశారు, నీకు తెలుసు.

మొదటి అయిదు చుట్లలో నాకు ఏమీ గుర్తులేదు. ట్యూన్ వీపు తప్ప. ఆరో చుట్టులో రూర్ద్ వంచి ఉంచాల్సిన మోకాళ్లు నిటారవడం నాకు తెలిసింది. చూసి కాదు. మధ్యలో ట్యూన్ ఉన్నాడు, నాకు రూర్ద్ కనపడడు. ట్యూన్ నడుంలోంచి నా అరచేతికి తెలిసింది. గెడలోంచి తెలిసినట్టే. రూర్ద్ అలిసిపోయాడు అని నా చెయ్యి నాకు చెప్పింది.

అప్పుడు తోశాను. కోపంతో కాదు. కాలు తొక్కినప్పుడల్లా, కాలితోపాటే చెయ్యి, నిదానంగా, నిటారుగా. నేను ట్యూన్‌ని, ట్యూన్ రూర్ద్‌ని. ఒకసారి వంతెన వస్తుందేమోనని చూశాను. వచ్చింది. నీ కోటు కూడా కనిపించింది. ఈసారి నా వేళ్లు ఏం చేస్తున్నాయో నాకు తెలుసు, అందుకని ఆగలేదు.

ఏడో చుట్టులో ట్యూన్ ఏదో అన్నాడు. ఊపిరి అందని మనిషి పందెం మధ్యలో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఇంకా" అన్నాడు. ఇంకా తోశాను.

చివర కాలు ముందుకి విసిరాను. బ్లేడు మొన గీత మీద పడింది. తల ఎత్తి బోర్డు చూడటానికి నాకు ధైర్యం లేదు. ప్రేక్షకుల మధ్య కూర్చున్న బాజా వాళ్లు వాయించడం మొదలుపెట్టాక చూశాను. ఇటలీ కంటే ముందు. నార్వే కంటే సెకనులో వందో వంతులు పదకొండు వెనక. రెండో స్థానం.

రూర్ద్ పక్కకి వాలిపోయి వాంతి చేసుకున్నాడు, ఆ తర్వాత ఈ ఏడాదిలో మూడోసారి నవ్వాడు. ట్యూన్ నా మెడ పట్టుకుని, "చూశావా, ఆవు పరుగెత్తింది" అన్నాడు. దూడకి అతని పేరు పెట్టానని అప్పుడు చెప్పాను, ఏడ్చేశాడు. పతకం ఇచ్చేటప్పుడు కూడా ఏడుస్తూనే ఉన్నాడు, అందరూ గెలుపు వల్ల అనుకున్నారు.

పతకం మీకే పంపుదామనుకున్నాను, కానీ రెండు రోజులు నా దగ్గరే ఉండనీ.

అన్నయ్య

ఆల్దెమార్,
ఫిబ్రవరి 25

అన్నయ్యా,

నాన్న ఆ రోజు ఆవుల కోసం వెళ్లిపోలేదు. పక్కింటాయనకి పాలు పితకమని ముందే చెప్పి వచ్చాడు. కారులో కూర్చుని అరగంట స్టీరింగ్ పట్టుకుని ఉండిపోయాడు. తర్వాత బండి తీశాడు. అమ్మకీ నాకూ ఆ అబద్ధమే చెప్పమన్నాడు, కానీ నేను ఇక నీతో అబద్ధం చెప్పను.

ఆరు రోజులుగా తూర్పుగాలి. కాలువ గట్టిపడింది. ఊరి మంచు సంఘంవాళ్లు నిన్న బెజ్జాలు తొలిచి మందం కొలిచి, తిరగొచ్చని జెండా పెట్టారు. ఊళ్లో బడికి సెలవిచ్చారు. నేను కూడా తరగతులు ఎగ్గొట్టి వచ్చాను, మా గురువుగారే వెళ్లమన్నారు. నా నివేదిక ఆయనకి నచ్చింది. "ఈ ఒక్క ఆటగాడికి జనవరి తర్వాత మోచేయి మారిపోయింది, కారణం రాయలేదేం?" అని అడిగారు. కొలతకి అందలేదని చెప్పాను.

నిన్న పొద్దున నాన్న పాకలో నిచ్చెన వేశాడు. గెడ దింపి వేణ్ణీళ్లతో కడిగాడు. పిచ్చుకల రెట్ట వదలడానికి చాలాసేపు పట్టింది. అమ్మ వంటగది కిటికీలోంచి చూసి, తన పాత జత స్కేట్లు తెచ్చి నా కుర్చీ కింద పెట్టింది. నావి పదకొండేళ్ల పిల్లవి కదా, పట్టవు.

తాళ్లు కట్టుకుంటుంటే ముడి రెండుసార్లు జారిపోయింది. నాన్న చూసి మోకాళ్ల మీద కూర్చుని తనే కట్టాడు. మొదటి వంద గజాలు అమ్మ చెయ్యి విడవలేదు నేను. పొట్టి వంతెన దగ్గర చాపలు వేసి ఉన్నాయి. మంచు దిగాను. బ్లేడ్లతో అడుగులో అడుగు వేస్తూ నడిచాను, అవతల మళ్లీ ఎక్కాను. పదిహేడు అడుగులు. అంతేనన్నయ్యా, ఆ రోజు నేను నడవనన్నది పదిహేడు అడుగులు.

ముగ్గురం గెడ పట్టుకుని ఒకసారి తిరిగి వచ్చాం. కుదరలేదు. చివర బరువు లేక గెడ అటూ ఇటూ ఊగుతోంది. నాన్న వెనక్కి తిరక్కుండానే, "వీబ్రెన్ లేడు" అన్నాడు.

చలి ఆదివారం దాకా ఉంటుందంటున్నారు. శనివారం రా. పతకం అమ్మ చూడలేదు ఇంకా. దూడ ట్యూన్‌ని కూడా చూడాలి నువ్వు, అసలు ట్యూన్‌ని తీసుకొచ్చినా సరే, సూప్ చాలా ఉంది. పొద్దున పాలు అయ్యాక బయలుదేరదాం. వెళ్లేటప్పుడు గాలి వీపు మీద ఉంటుంది, వచ్చేటప్పుడే ఎదురు. వంతెన దగ్గర దిగి నడుస్తాను, మాట ఇస్తున్నాను. అది దాటాక ఇంటిదాకా వచ్చే ఓపిక నా మోకాలికి లేదు. నువ్వు వెనక ఉండి చెయ్యి వెయ్యి.

ఇంటికి వచ్చాక నాన్న "ఏమైంది, ఇంత తొందరగా వచ్చారు?" అని అడుగుతాడు. అన్నయ్య తోశాడని చెబుతాను.

నీ చెల్లెలు,
హిస్కె